జగ్గయ్యగారి వాచికం

కొంగర జగ్గయ్యగారు 2004 మార్చి 5వ తేదీన చెన్నైలో కీర్తిశేషులైనారు. నాటినుంచి నేటికి రెండు దశాబ్దాలు దాటినవి. ఇప్పటికీ ఆయన పేరు తలచగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఆయన గొంతు. రూపం ఆ తరువాత వస్తుంది. పత్రికలవారు ఆయనది కంచుకంఠమన్నారు. సభలవారు కళావాచస్పతి అని బిరుదు ఇచ్చారు. ఆయనను గురించి వచ్చిన నివాళి వ్యాసాలు చాలవరకు ఈ రెండు మాటల చుట్టూ తిరిగి, సినిమాల పట్టిక ఒకటి ఇచ్చి, 1967లో ఒంగోలునుంచి లోక్‌సభకు ఎన్నికైనారని, 1992లో పద్మభూషణ్ పొందారని చెప్పి ముగిసినవి. సాహిత్య విమర్శకులు ఆయన జోలికి పెద్దగా పోలేదు. నటుడు కదా అని సినిమావారికి, పార్లమెంటు సభ్యుడు కదా అని రాజకీయాలవారికి వదలిపెట్టినారు.

ఇది సరియైన పంపకం కాదని నా అభిప్రాయం. ఆయన చేసిన పనులను వరుసగా పెట్టి చూడండి. ఆలిండియా రేడియోలో ఢిల్లీనుంచి తెలుగు వార్తలు చదివారు. నాటకాలు ఆడారు, సినిమాలలో నటించారు. తమిళ నటుడు శివాజీ గణేశన్ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆ నటుడికి తమ గొంతు ఇచ్చారు. ఒక నియోజకవర్గపు ప్రజల పక్షాన ఢిల్లీ సభలో కూర్చున్నారు. రవీంద్రనాథ టాగూరు గీతాంజలిని రవీంద్ర గీత అనే పేరుతో, ఆయన నాటకాన్నొకదానిని బలిదానం అనే పేరుతో తెనిగించారు. ఆత్రేయ రచనలను ఏడు సంపుటాలుగా వెలువరించారు. వీటిని ఒక బహుముఖ ప్రజ్ఞావంతుడి వేరువేరు వ్యాసంగాలుగా చెప్పుకొనడం మనకు అలవాటు. నాకు మాత్రం ఇవన్నీ ఒకే పనికి వేరువేరు రూపాలుగా కనిపిస్తున్నవి. మరొకరి మాటను చెడకుండా, తక్కువ కాకుండా, తన గొంతులో పలికించడమే ఆ పని. అనువాదకుడు చేసేది అదే. అందుచేత జగ్గయ్యగారు సాహిత్యంవారి లెక్కలోకి రావలసిన మనిషి.

అభినయాన్ని మన శాస్త్రకారులు నాలుగు విధాలుగా చెప్పినారు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. వీటిలో వాక్కు నాట్యానికి శరీరం వంటిదని భరతుని మతం. తక్కినవి వాక్యార్థాన్ని వెలిగించడానికే ఉన్నవని ఆయన భావం. మన ఆధునిక విమర్శ ఈ విషయాన్ని మరచిపోయింది. నాటకాన్ని చదివి విమర్శిస్తాము. పలికిన తీరును విమర్శించము. పద్యనాటకాల రోజులలో రాగాలాపన మీద చర్చ కొంత జరిగింది. వచన సంభాషణ ఎట్లా పలకాలి, వాక్యంలో ఏ మాట మీద బరువు పడాలి, ఎక్కడ ఊపిరి తీసుకొనాలి అన్న విషయాల మీద మనకు విమర్శ పరిభాష కూడా సరిగా ఏర్పడలేదు. అందువల్లనే జగ్గయ్యగారి వంటివారి విషయంలో కంచుకంఠమన్న ఒక్క మాటతో తృప్తిపడినాము.

నిజానికి ఆ ప్రశంస రెండంచుల కత్తి. కంచు మ్రోతకూ కనకపు మౌనానికీ ఉన్న తారతమ్యం చెప్పి, ఏది అల్పుని లక్షణమో, ఏది సజ్జనుని లక్షణమో వేమన్న ఏనాడో తేల్చినాడు. ఆ పద్యం తెలిసిన జాతి ఒక మంచి గొంతును కంచుతో పోల్చి మెచ్చుకొనడం కొంత వింతే. కంచుకు గల గుణం ఏమిటి? ఎవరు కొట్టినా తన ధ్వనే వినిపిస్తుంది. జగ్గయ్యగారి గొంతులో ఆ గుణం లేకపోలేదు. ఆయన కొన్ని పాత్రలకు అది అడ్డు కూడా వచ్చింది. కాని ఆయన ఉత్తమమైన పని అంతా ఆ గుణాన్ని అదుపులో పెట్టుకొన్న చోటనే జరిగింది. ఈ అదుపు ఆయనకు ఎక్కడ అలవడిందో చూడవలసి ఉన్నది.

తెనాలి ప్రాంతంలోని మోరంపూడి ఆయన స్వగ్రామం. బాల్యంలో, పదకొండేళ్ల వయసున, ఆయన వేసిన తొలి వేషం ద్విజేంద్రలాల్ రాయ్ సీత నాటకంలో లవుడిది. మూలం బెంగాలీ, ఆడింది హిందీలో, ఆడినవాడు తెలుగు పిల్లవాడు. లవుడంటే ఎవరు? వాల్మీకి చెప్పిన కావ్యాన్ని నోటికి నేర్చుకొని లోకానికి వినిపించినవాడు. కవి వేరు, పలికినవాడు వేరు. ఆ పలికినవాడి వల్లనే రాముడు తన కథను తాను వినగలిగాడు. ఒక బాలుడికి దొరికిన తొలి వేషాన్నిబట్టి అతని జీవితానికి జోస్యం చెప్పడం విమర్శకుడి పని కాదు కాని, ఈ సందర్భంలో ఆ పోలిక దానంతటదే వచ్చి నిలుస్తున్నది. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకొన్నారు. నందమూరి తారకరామారావుగారు అక్కడ సహాధ్యాయి. నాటకాల పిచ్చి ఇద్దరికీ ఉన్నదే. ఈ ఇద్దరు విద్యార్థులూ కాలక్రమాన సినిమాలకు వెళ్లారు, రాజకీయాలలోకీ వెళ్లారు. వెళ్లిన దారులు వేరు. ఆ సంగతి ముందు వస్తుంది.

సినిమాలకు రాకముందు జగ్గయ్యగారు మూడు సంవత్సరాలపాటు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివారు. ఆయన జీవితచరిత్రలలో ఇది ఒక వాక్యంతో దాటిపోయే విషయం. నా దృష్టిలో ఇదే ఆయన అసలు గురుకులం. ఢిల్లీనుంచి ప్రాంతీయ భాషలలో వార్తలు చదివేవారు ఒట్టి చదువరులు కారు. వార్త ఇంగ్లీషులో వస్తుంది. దానిని చేతికందిన కొద్ది నిమిషాలలో తెలుగు చేసుకొని, ఆ తెలుగునే మైకు ముందు చదవాలి. నిఘంటువు తిరగవేసే వ్యవధి ఉండదు. తప్పు దొర్లితే మరునాడు సవరణ వేసే అవకాశం పత్రికకు ఉన్నది; గాలిలో కలిసిపోయిన మాటకు లేదు. అనువాదం మీద మనం పెద్దపెద్ద గ్రంథాలు చదువుతాము. ప్రతిదినమూ గడియారం ముందు కూర్చొని చేసే ఈ అనువాదం మాత్రం సాహిత్యపు గడప తొక్కలేదు.

ఇక్కడ తెలుగు వాక్యపు పోకడ ఒకటి గమనించాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు ఆ మాటంతా ముందు వచ్చి, అన్నారు అనే క్రియ చివరికి గాని రాదు. ఇంగ్లీషులో ఫలానా మంత్రి చెప్పినాడని ముందే తేలిపోతుంది. తెలుగులో శ్రోత ఒక పొడుగాటి అభిప్రాయాన్ని వింటూ, ఇది రేడియోవారి మాటా, ప్రభుత్వం మాటా, ప్రతిపక్షం మాటా అని తేల్చుకొనలేక వాక్యం చివరదాకా వేలాడవలసి వస్తుంది. అచ్చులో అయితే కొటేషను గుర్తులు ఉన్నవి. రేడియోలో ఆ గుర్తు గొంతే కావాలి. ఇది నా మాట కాదు, మరొకరిది, నేను అందిస్తున్నాను అని వినేవాడికి తెలియవలసింది స్వరభేదం వల్లనే. ఆ భేదం కొంచెం ఎక్కువైతే ఎగతాళి అవుతుంది, లేదా సమర్థన అవుతుంది. తక్కువైతే అర్థం చెడుతుంది. మంచి వార్తాపాఠకుడు ఈ సన్నని గీత మీద నడుస్తాడు. తన రాజకీయాలు, తన ఇష్టానిష్టాలు గొంతులో పొడసూపనీయడు. విద్యార్థి దశనుంచీ కాంగ్రెసు, సోషలిస్టు ఉద్యమాలతో సంబంధం పెట్టుకొన్న యువకుడు మూడేళ్లు ఈ నియమాన్ని పాటించినాడంటే అది సామాన్యమైన సాధన కాదు.

అవి స్వతంత్రం వచ్చిన తొలి సంవత్సరాలు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. రాజ్యాంగం, గణతంత్రం, ప్రణాళిక, సార్వత్రిక ఎన్నికలు వంటి మాటలు పండితుల నోట అప్పటికే ఉన్నా, చదువురాని ఇంటికి అవి చేరడంలో రేడియోకు పెద్ద వాటా ఉన్నది. గిడుగువారి ఉద్యమం 1940లో ఆయన పోయేనాటికి సాహిత్యంలో గెలుపు దారి పట్టింది గాని, పాఠ్యపుస్తకాలలో, ప్రభుత్వపు కాగితాలలో గ్రాంథికం ఇంకా గట్టిగానే కూర్చున్నది. రేడియో వార్త రెండింటికీ నడుమ ఒక భాషను వెదుక్కోవలసి వచ్చింది. అది ఏ జిల్లాదీ కాకూడదు, ఏ జిల్లావాడికీ పరాయిది కాకూడదు. వాక్యం చెవికి ఒక్కసారిలో అందాలి; శ్రోత పుట వెనక్కి తిప్పి చూడలేడు కదా. ఈనాడు మనం శిష్టవ్యావహారికమని పిలిచేదానికి పత్రికలెంత కారణమో రేడియో అంత కారణం. నార్ల వెంకటేశ్వరరావుగారి వంటి సంపాదకుల కృషిని మనం న్యాయంగానే తలచుకొంటాము. మైకు ముందు కూర్చొని ఆ భాషకు ఉచ్చారణ ఇచ్చినవారిని తలచుకొనడం లేదు.

1952లో ప్రియురాలు చిత్రంతో జగ్గయ్యగారు సినిమాలలో ప్రవేశించారు. దానికి దర్శకుడు త్రిపురనేని గోపీచంద్. అసమర్థుని జీవయాత్ర రాసిన నవలాకారుడి చేతిలో ఆయన సినిమా జీవితం మొదలైంది. 1955లో వచ్చిన బంగారు పాపలో పాలగుమ్మి పద్మరాజుగారి రచన. కథకు ఆధారం జార్జ్ ఇలియట్ నవల సైలస్ మార్నర్. అదే సంవత్సరం వచ్చిన అర్ధాంగికి మణిలాల్ బెనర్జీ బెంగాలీ నవల స్వయంసిద్ధ ఆధారం, మాటలు ఆత్రేయవి. ఆ కాలపు తెలుగు సినిమా ఎంతగా అనువాదాల మీద, సాహితీపరుల కలం మీద నిలబడిందో దీన్నిబట్టి తెలుస్తుంది. గోపీచంద్, పద్మరాజు, ఆత్రేయ — ఈ ముగ్గురి వాక్యానికీ మూడు రకాల నడకలు ఉన్నవి. గోపీచంద్ వాక్యం తర్కిస్తుంది. పద్మరాజు వాక్యం తక్కువ చెప్పి ఆగుతుంది. ఆత్రేయ వాక్యం మాటను మాటతో ఢీకొట్టి నిప్పు రాలుస్తుంది. ఈ మూడు నడకలకూ ఒదిగిన గొంతు జగ్గయ్యగారిది.

అయినా ఆయన సినిమా జీవితంలో కొరత లేకపోలేదు. నాయకపాత్రలు వచ్చినా, ఎక్కువ భాగం ఆయనకు దక్కింది రెండవ స్థానమే. డాక్టరు, అన్నగారు, స్నేహితుడు, జమీందారు, తరువాత తరువాత న్యాయమూర్తి, తండ్రి. ఇందుకు ఆయన గొంతే కొంత కారణమని అనిపిస్తుంది. ఆ గొంతు వినగానే విశ్వాసం కలుగుతుంది, గౌరవం కలుగుతుంది. తెలుగు సినిమా నాయకుడికి కావలసిన తుళ్లింత, చిలిపితనం, తడబాటు దానిలో ఇమడవు. ప్రణయ సన్నివేశంలో కూడా ఒక సభా మర్యాద దొంగచాటుగా వచ్చి చేరుతుంది. నిర్మాతలు ఆ విశ్వసనీయతను పదేపదే వాడుకొన్నారు. ఎవరో ఒకరు నీతి చెప్పవలసి వస్తే, ఆ నీతి చప్పగా ఉన్నా జగ్గయ్యగారి నోట పెడితే సరిపోతుందని అనుకొన్నారు. అటువంటి చోట్ల కంచు మ్రోగింది గాని పాత్ర మిగలలేదు. ఆయనను ప్రేమించేవారు కూడా ఈ సంగతి ఒప్పుకొనక తప్పదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే పాత్ర 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు చిత్రంలోని రూథర్‌ఫర్డ్. మన్యం తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం పంపిన తెల్ల అధికారి అతడు. కథలో ప్రతినాయకుడు, చరిత్రలో పరాయి పాలన ప్రతినిధి. తెల్లదొర వేషం రాగానే తెలుగును వంకరటింకరగా పలికించి నవ్వు పుట్టించడం మన రంగస్థలం మీదా, తెర మీదా పాత అలవాటు. జగ్గయ్యగారు ఆ దారిని పోలేదు. రూథర్‌ఫర్డ్ చేత చక్కని తెలుగు పలికించినారు. త్రిపురనేని మహారథిగారి మాటలు అందుకు తోడైనవి. ఫలితం ఏమిటంటే శత్రువుకు ఒక స్థాయి వచ్చింది. శత్రువు స్థాయి పెరిగితే అతనిని ఎదిరించిన రాజు స్థాయి ఇంకా పెరుగుతుంది. ఎదుటి పక్షపు వాదాన్ని కూడా వక్రించకుండా పూర్తి బలంతో పలకడం వార్తాపాఠకుడి ధర్మం, అనువాదకుడి ధర్మం. ఢిల్లీ రేడియోలో నేర్చిన విద్య ఇరవై ఏళ్లు దాటిన తరువాత మన్యం కథలో ఇట్లా ఉపయోగపడింది.

డబ్బింగు పని విషయం మరీ ఆసక్తికరమైనది. దీనిని సాహిత్యపరులు చిన్నచూపు చూస్తారు గాని, 1950లో వచ్చిన ఆహుతి మొదలు ఈ రంగంలో కలం పట్టినవాడు శ్రీశ్రీ అని మరువరాదు. తమిళానికీ తెలుగుకూ వాక్యక్రమం ఇంచుమించు ఒకటే కనుక పని తేలిక అనుకొంటాము. చిక్కు వేరే చోట ఉన్నది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. నోరు తెరుచుకొని ఉంటుంది. తమిళంలో హల్లుతో ముగిసే మాటలు ఎక్కువ. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోట పకార, బకార, మకారాలలో ఒకటి పడకపోతే ప్రేక్షకుడికి మోసం తెలిసిపోతుంది. రచయిత ఈ బంధనంలో మాట వెదకాలి. గొంతు ఇచ్చేవాడు మరొకరి ఊపిరితో ఊపిరి కలపాలి. అందులోనూ శివాజీ గణేశన్ వంటి నటుడు! తమిళ నాటకరంగపు సంప్రదాయంలో పెరిగిన ఆయన వాచికం మెల్లగా మొదలై, మెట్లు మెట్లుగా ఎక్కి, శిఖరం మీద ఒక్కసారిగా విరుగుతుంది. తెలుగు చెవికి అది అతిశయంగా తోచే ప్రమాదం ఉన్నది. జగ్గయ్యగారు ఆ ఎత్తులను తగ్గించకుండానే వాటికి తెలుగు కాకువు అద్దినారు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అని తెలిసినా ప్రేక్షకుడు రెండింటినీ ఒక మనిషిగా అంగీకరించాడు. అనువాదంలో ఇంతకన్న కఠినమైన పరీక్ష ఉన్నదా? ఆ పరీక్షలో నెగ్గినవాడి పేరు మాత్రం ప్రేక్షకుడి కంటికి కనబడదు. అనువాదకుల పేరు అట్టమీద వేయని ప్రచురణకర్తలు ఇప్పటికీ ఉన్నారు గనుక ఈ బాధ మనకు కొత్త కాదు.

ఇక రాజకీయం. 1967 సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసు పక్షాన ఒంగోలునుంచి ఆయన నాలుగవ లోక్‌సభకు ఎన్నికైనారు. ప్రజల ఓటుతో లోక్‌సభకు వెళ్లిన తొలి సినిమా నటుడని సాధారణంగా చెప్పుకొంటారు. అంతకుముందు పృథ్వీరాజ్ కపూర్ 1952లో రాజ్యసభకు వెళ్లారు గాని అది రాష్ట్రపతి నియామకం. దక్షిణాన ఎస్.ఎస్. రాజేంద్రన్ 1962లో మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. ఎం.జి. రామచంద్రన్ శాసనసభలో ప్రవేశించింది ఈ 1967లోనే. తెలుగుదేశానికి సంబంధించినంతవరకు మరొక పేరు తలచుకొనాలి. కవి, నటుడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1952లో విజయవాడనుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. కళాకారుడిని ఢిల్లీకి పంపడం ఆంధ్రులకు అప్పటికే అలవాటైన సంగతి.

ఒంగోలుకు కూడా ఈ విషయంలో ఒక పూర్వచరిత్ర ఉన్నది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు బాల్యంలో ఆ ఊరిలోనే నాటకాల వేషాలు వేశారు. ముఖానికి రంగు పూసుకొన్న ఆ బాలుడే తరువాత ఆంధ్రకేసరి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినాడు. జగ్గయ్యగారు సభ్యులుగా ఉన్న కాలంలోనే, 1970లో, ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశంగారి పేరు పెట్టినారు.

నాలుగవ లోక్‌సభ కాలం సామాన్యమైనది కాదు. 1967 డిసెంబరులో అధికార భాషల చట్ట సవరణ మీద దేశమంతా ఉడికిపోయింది. 1969లో తెలంగాణ ఉద్యమం, బ్యాంకుల జాతీయీకరణ, కాంగ్రెసు చీలిక ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం పార్లమెంటు వ్యవహారం హిందీలోనో ఇంగ్లీషులోనో నడవాలి. ఆ రెండూ చాలినంతగా రాని సభ్యుడు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. అంటే తెలుగు ప్రజల బాధ ఢిల్లీ సభలో వినబడాలంటే దాదాపు ఎప్పుడూ అది అనువాదమై తీరాలి. ప్రాతినిధ్యమన్న మాటలోనే ఈ అనువాదం దాగి ఉన్నది. ఒంగోలు రైతు చెప్పుకొన్నది ఒక భాష, సభకు అందేది మరొక భాష. నడుమ నిలిచినవాడి నిజాయితీ మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఆ సభ 1970 డిసెంబరులో రద్దయింది. తరువాతి సభలో ఆయన లేరు. లోక్‌సభ చర్చల సంపుటాలనుంచి ఆయన ప్రసంగాలను ఏరి, తెలుగు చేసి ప్రకటించడం ఎవరైనా ఒక పరిశోధకుడు చేయదగిన పని.

సహాధ్యాయి రామారావుగారితో పోలిక ఇక్కడ ప్రసక్తమవుతుంది. రామారావుగారు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినారు. ఆయన రాజకీయానికి బలం రాముడుగా, కృష్ణుడుగా ప్రజల మనసులలో నెలకొన్న రూపం. పాత్రకూ మనిషికీ నడుమ ఉన్న గోడను ఆయన ప్రజలు కూల్చివేశారు. జగ్గయ్యగారికి అటువంటి రూపం లేదు. రెండవ స్థానపు పాత్రలు, ఇతరులకు ఇచ్చిన గొంతు ఎవరినీ దేవుణ్ణి చేయవు. ఆయన రాజకీయాలలో ఎక్కువ కాలం ప్రకాశించకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. దీన్ని ఓటమిగా లెక్కవేసేవారు వేయవచ్చు. మరొకరి మాట పలికేటప్పుడు ఇది మరొకరిదని తెలిసేటట్లు పలకడం నేర్చినవాడు, జనం తనను ఆ పాత్రగానే పొరబడాలని కోరుకొనలేడు. వార్తాపాఠకుడి శిక్షణ అందుకు ఒప్పదు.

అనువాదకుడిగా ఆయన ఎంచుకొన్న గ్రంథాలు కూడా ఈ దృష్టితో చూడదగినవి. గీతాంజలి తెలుగు చేయబూనినవాడికి మూలమేది అన్న ప్రశ్న మొదటనే ఎదురవుతుంది. 1910 నాటి బెంగాలీ గీతాంజలిలో 157 గీతాలు ఉన్నవి. 1912లో టాగూరు స్వయంగా చేసిన ఇంగ్లీషు గీతాంజలిలో 103 ఖండికలు. అందులో సగం మాత్రమే బెంగాలీ గీతాంజలివి, తక్కినవి ఇతర సంపుటాలవి. ఒకటి పాట, మరొకటి బైబిలు లయను తలపించే వచనం. తెలుగులో చలంగారు తమదైన వచనంలో గీతాంజలిని మనకు ఇచ్చారు; ఆ వచనంలో టాగూరు ఎంత ఉన్నారో చలం అంత ఉన్నారు. బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనంలో చదివి, బెంగాలీనుంచి నేరుగా టాగూరును తెలుగులోకి తెచ్చారు. ఆయన కూడా ముఖ్యమంత్రిత్వం, కేంద్రమంత్రిత్వం, గవర్నరు పదవి చేసిన రాజకీయవేత్తే. కొంతకాలం సమాచార, ప్రసార శాఖ ఆయన చేతిలో ఉన్నది కూడా.

ఈ దారిలో జగ్గయ్యగారు తమ పుస్తకానికి రవీంద్ర గీత అని పేరు పెట్టినారు. అంజలిని వదలి గీతను ఉంచినారు. చేతులు జోడించిన భంగిమ కన్న పలికిన పలుకు ప్రధానమైందన్నమాట. అందుచేత దీనిని బేరీజు వేయదలచినవారు పెదవి కదపకుండా చదివి తీర్పు చెప్పరాదు. పద్యానికి గణాలు లెక్కవేసినట్లు, ఇటువంటి రచనకు ఊపిరులు లెక్కవేయాలి. కంటికి పొడుగ్గా కనిపించిన పాదం నోటికి సరిగ్గా ఒక ఊపిరికి సరిపోతుందేమో చూడాలి. పండితుడు మూలంతో సరిపోల్చి పోయిన అర్థచ్ఛాయలను పట్టుకొంటాడు. ఆ పని కూడా అవసరమే. వాచికం వృత్తిగా గలవాడు చేసిన అనువాదానికి ఈ రెండవ పరీక్ష పెట్టకపోతే మన విమర్శ సగమే అవుతుంది.

బలిదానం మూలకథ మరింత అర్థవంతమైనది. 1890లో టాగూరు రాసిన విసర్జన్ నాటకం ఇంగ్లీషులో సాక్రిఫైస్ అయింది. త్రిపుర రాజ్యంలో దేవి గుడిలో జంతుబలిని రాజు గోవిందమాణిక్యుడు నిషేధిస్తాడు. పూజారి రఘుపతి అందుకు కోపించి, తాను పెంచిన జయసింహుడి చేత రాజరక్తం తెస్తానని ప్రమాణం చేయిస్తాడు. తనలో ప్రవహించేది రాజవంశపు రక్తమే కనుక జయసింహుడు తననే బలి ఇచ్చుకొంటాడు. అప్పుడు గాని రఘుపతికి కన్ను తెరవదు. ఈ నాటకంలో చంపిన ఆయుధం కత్తి కాదు, రఘుపతి వాగ్ధాటి. ఒక గొప్ప గొంతు, తాను చెప్పేది దేవి మాట అని నమ్మించగల గొంతు, ప్రేమించినవాడినే చావుకు పంపుతుంది. టాగూరు తమ యౌవనంలో రఘుపతి వేషాన్ని, 1923లో అరవై దాటిన వయసున జయసింహుడి వేషాన్ని తామే ధరించారు. పలికేవాడి పాపమూ, విని నమ్మినవాడి త్యాగమూ రెండూ ఆయన అనుభవించి చూసినారు. ఎన్నికల వేదికలు ఎక్కిన ఒక నటుడు, మంచి గొంతు గలవాడు, తెలుగు చేయడానికి ఈ నాటకాన్నే ఎంచుకొనడం కాకతాళీయమని నేను అనుకొనలేను. వాక్కు శక్తిని ఎరిగినవాడికే దాని ప్రమాదం కూడా తెలుస్తుంది.

చివరిగా ఆత్రేయ సాహితి. ఆత్రేయ 1989 సెప్టెంబరులో కన్నుమూశారు. ఎన్.జి.ఓ. వంటి నాటకాలతో రంగస్థలం మీద ఒక తరాన్ని కదిలించిన రచయిత, సినిమాపాటల రచయితగానే జనం నోట మిగిలినాడు. కాగితం జాగ్రత్త చేసుకొనే స్వభావం కాదు ఆయనది. సమయానికి రాయడన్న కథలు లోకంలో ఎన్నో ఉన్నవి. అటువంటివాడి నాటకాలను, పాటలను, ఇతర రచనలను ఒక చోట చేర్చి ఏడు సంపుటాలుగా వెలువరించడం ఒక విశ్వవిద్యాలయమో, ఒక అకాడమీయో చేయవలసిన పని. దానిని ఒక నటుడు నెత్తిన వేసుకొన్నాడు. ఆత్రేయ రాసిన మాటలు పలికి పేరు పొందినవాడు ఆ మాటలు గాలిలో పోకుండా అచ్చులో నిలిపి ఋణం తీర్చుకొన్నాడు. నటుడు రచయిత వల్ల బ్రతుకుతాడని అందరూ వేదికల మీద అంటారు. ఆ మాటను ఏడు సంపుటాల బరువుతో నిజం చేసినవారు తెలుగులో మరొకరు నాకు కనిపించరు. నా మట్టుకు జగ్గయ్యగారు చేసిన పనులన్నింటిలో ఇది మిన్న. ఇందులో ఆయన గొంతు అసలు వినిపించదు. వినిపించేది ఆత్రేయ ఒక్కడే.

ఈ విధంగా చూస్తే మన ముందు ఒక బాధ్యత మిగులుతున్నది. మన సాహిత్యచరిత్రలు అచ్చైన పుస్తకాల చరిత్రలు. రేడియో తెలుగు పలుకుబడిని తీర్చినవారు, నాటక రచయితల వాక్యాలకు ప్రాణం పోసినవారు, పరభాషా సంభాషణలకు తెలుగు గొంతు ఇచ్చినవారు అందులో లేరు. వారి పని టేపుల మీద, చిత్రాల ధ్వనిపథాల మీద ఉన్నది. టేపులు పాడైపోతవి, పాత చిత్రాల ప్రతులు మాయమవుతవి. తాళపత్రాలు చెదలుపట్టినవని ఒక తరం దుఃఖించి, ఉన్నవాటిని వెదకి అచ్చువేసింది. మన తరానికి అటువంటి చెదలు ధ్వనికి పట్టినవి. ఆకాశవాణి భాండారాలలోనూ, వ్యక్తుల ఇండ్లలోనూ మిగిలిన తెలుగు వాచికాన్ని సేకరించి, పట్టికలు వేసి, విమర్శకుల చేతికి అందించే పనిని సాహిత్య సంస్థలు తమదిగా తీసుకొనాలి. రవీంద్ర గీతను మరల అచ్చువేసేవారు దానితోపాటు ఒక మంచి చదువరి చేత చదివించిన ధ్వనిముద్రణను కూడా జతచేయాలి. ఆ పుస్తకానికి తగిన విమర్శ అప్పుడు గాని మొదలు కాదు.